సర్వస్వామ్య సంకలితం

వెనుకటి తెలుగు పుస్తకాల ముఖపత్రం మీద, ముద్రాక్షరశాల పేరుకు దాపున, చిన్న అక్షరాలలో 'సర్వస్వామ్య సంకలితం' అన్న మాట అచ్చయి ఉండేది. చదువరి దాని మీద చూపు నిలిపి ఎరుగడు. అచ్చువేసేవాడు అలవాటు కొద్దీ వేసేవాడు. కవి అలవాటు కొద్దీ వేయించుకొనేవాడు. ఈ రచన మీది సమస్తమైన హక్కులూ కర్తవే అని లోకానికి చాటే ఆ ముద్రలో ఎంత సత్తువ ఉన్నదో, ఎంత లేదో తెలియవలెనంటే, గత శతాబ్దపు తెలుగు కవులలో అగ్రగణ్యుడైన శ్రీశ్రీ జీవితాన్ని కవిత్వం వైపునుంచి కాక జీవనోపాధి వైపునుంచి ఒకమారు చూడవలసి ఉంటుంది. కవిత్వం వైపునుంచి చూచినవారు అనేకులు. ఈ రెండవ వైపు అంతగా వెలుతురు పడలేదు.

శ్రీరంగం శ్రీనివాసరావు 1910 ఏప్రిల్ 30వ తేదీన విశాఖపట్టణంలో జన్మించాడు. తల్లి అప్పలకొండ, తండ్రి వెంకటరమణయ్య. పుట్టుకచేత ఇంటిపేరు పూడిపెద్ది. దత్తత మూలంగా శ్రీరంగం అయింది. తల్లి చిన్ననాడే గతించగా సవతి తల్లి సుభద్రమ్మ పెంచి పెద్దచేసింది. ఆమె పెంపకంలోని మాధుర్యాన్ని ఆయన కడదాకా మరువలేదు.

నాటి విశాఖ నేటి మహానగరం కాదు. ఓడరేవు తెరవడం 1933లో జరిగిన మాట. అంతకు పూర్వం ఆ ఊరికి సముద్రమంటే ఓడలూ, క్రేనులూ, ఉక్కూ కాదు. ఇసుకా, వలలూ, తెప్పలూను. పట్నానికి ఈశాన్యంగా, తరువాతి కాలంలో విశ్వవిద్యాలయం వెలసిన మెట్టకు దిగువగా జాలరిపేట ఉన్నది. వేకువకు ముందే తెప్పలు అలలమీది కెక్కడం, పొద్దెక్కేసరికి తిరిగి రావడం, ఒడ్డున ఆడవారు గంపలతో ఎదురుచూడడం, విశాఖలో పుట్టిన ఏ బాలునికైనా అపరిచితమైన దృశ్యం కాదు. ఆ దృశ్యంలో పైవారు సామాన్యంగా గమనించని విశేషం ఒకటున్నది. జాలరివాడు కూలికి వేటాడడు, పాలుకు వేటాడుతాడు. పడిన చేపను అమ్మగా వచ్చిన రొక్కం తెప్పకొక పాలు, వలకొక పాలు, వేటకు వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక పాలు చొప్పున తీరుతుంది. తెప్ప గలవాడు అధికుడే గాని, తెడ్డు వేసినవాడిని రోజుకూలి చేతిలో పెట్టి పంపివేసే అధికారం వానికి లేదు. వేట బాగా పడిననాడు అందరికీ పడుతుంది. పడనినాడు అందరికీ పస్తే. తరువాత ఇంజను పడవలు వచ్చి, నూనె ఖర్చు ముందుగా మినహాయించుకోవడమూ, యజమాని పాలు పెరగడమూ జరిగినా, పాలు అనే నియమం మాత్రం పోలేదు. ఒకరి కష్టంవల్ల కలిగిన ఫలం ఎంతకాలం ఫలిస్తే అంతకాలమూ అందులో వానికి భాగముండాలన్న ఈ న్యాయం అక్షరం రాని జాలరులకు తెలుసు. అక్షరమే జీవనంగా గల ఆ ఊరి కవికి మాత్రం అది దక్కలేదు.

చదువు విశాఖలోనూ మద్రాసులోనూ సాగింది. 1931లో జంతుశాస్త్రం ప్రధానాంశంగా బి. ఏ. పట్టం పుచ్చుకున్నాడు. అంతకు మునుపే, 1928లో, పదునెనిమిదేండ్ల వయస్సున, 'ప్రభవ' అనే ఖండకావ్యం వెలువడింది. అది భావకవిత్వపు నీడలో పెరిగిన మొక్క. దానిని చూచి ఈ కవి అయిదేండ్లలో ఎట్లా మారబోతాడో ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. 1933లో 'జయభేరి' మోగింది. మరుసటి ఏడు 'మహాప్రస్థానం' అన్న గీతం పుట్టింది. లోకమంతటా ఆర్థికమాంద్యం వ్యాపించి, పట్టభద్రులు కచేరీల గుమ్మాల వద్ద పడిగాపులు పడుతున్న రోజులవి. 1935లో మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాలలో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం దొరికింది. పగలు కప్పలనూ పీతలనూ కోసి విద్యార్థులకు చూపిన చేయి తీరికవేళ ఛందస్సులను కోసింది.

ఆ కాలంలో ఆయన కవితలు పత్రికలలో పడ్డాయి. పత్రికలు నడపడమే గగనంగా ఉన్న నాడు పారితోషికం మాట ఎవరూ తలచలేదు. కవి పద్యమివ్వడం, సంపాదకుడు అచ్చువేయడం, చదువరి కంఠస్థం చేయడం. ఇంతటితో లావాదేవీ ముగిసేది. అందులో అన్యాయమేమీ లేదు, ఎందుకంటే ఎవరూ ధనం గడించలేదు. ఫలమే లేనిచోట పాలు ప్రసక్తి ఉండదు గదా. ఈ భేదాన్ని ముందే గుర్తించి పెట్టుకోవడం మంచిది.

పద్యాలు ప్రాణం పోసుకున్న తరువాత పుస్తకం కావడానికి పుష్కరం దాటింది. 1937లో పోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు పేర అంకితమూ, చలం వ్రాసి యిచ్చిన యోగ్యతాపత్రమూ సిద్ధమై ఉన్నా, 'మహాప్రస్థానం' గ్రంథరూపం ధరించింది 1950లోనే. అచ్చు కాకముందే ఆంధ్రదేశంలోని యువకులకు అందులో సగం నోటికి వచ్చు. పుస్తకమయిన తరువాత అది ముద్రణపై ముద్రణ పొందింది; విశాలాంధ్ర ప్రచురణాలయం దానిని ఎన్నిసార్లు వేసినదో లెక్క కట్టడం కష్టం. కవికి పుస్తకం ఇచ్చేది కొంచెమే కావచ్చు, కాని అందులో ఒక మర్యాద ఉన్నది. ప్రతి కొత్త ముద్రణకూ కర్తను తలచుకొనక తప్పదు. కర్త పేరు అట్టమీద ఉంటుంది. స్వామ్యం లోపలి పుటలో ఉంటుంది. ఆ ముఖపత్రపు ముద్రకు బలముండేది ఇక్కడే.

ఆ నడుమ పన్నెండేండ్లలో ఆయన చేయని ఉద్యోగం లేదు. 1938లో మద్రాసు చేరి ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడైనాడు. ఢిల్లీ ఆకాశవాణిలో పనిచేశాడు. సైన్యంలో ఒక కొలువు, నిజాము రాజ్యంలో ఒక కొలువు, ఆంధ్రవాణి పత్రికలో కొన్నాళ్ళు. ఎక్కడా కుదురులేదు. కుదురుకొన్నది చివరకు మద్రాసులో, చలనచిత్ర పరిశ్రమ నీడన.

సరిగా అదే రోజులలో మద్రాసులో పాటల యాజమాన్యాన్ని గురించి ఒక పెద్ద వివాదం నడిచింది. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి 1921లోనే కీర్తిశేషుడైనాడు. ఆయన గీతాలను గ్రామఫోను పళ్ళెములకు ఎక్కించే హక్కు కుటుంబం చేతినుంచి 1930వ దశకంలో ఒక వర్తక సంస్థకు విక్రయమైంది. అక్కడినుంచి చిత్రనిర్మాత ఏ. వి. మెయ్యప్పన్ దానిని కొన్నాడు. 1947లో తన చిత్రంలో భారతి పాటలు పెట్టి ప్రజల మన్ననా, ధనమూ ఆర్జించాడు. 1948లో టి. కె. ఎస్. సోదరులు 'బిల్హణన్' చిత్రంలో భారతి పాట వాడగా, అది తన సొత్తు అని వ్యాజ్యం వేశాడు. అప్పుడుగాని తమిళులకు మెలకువ రాలేదు. స్వాతంత్ర్యగీతాలు వ్రాసి దరిద్రంలో కన్నుమూసిన కవి పాట ఒక సంస్థకు ఆస్తి కావడమేమిటని సభలు జరిగాయి, రచయితలు గొంతెత్తారు. కడకు 1949లో మద్రాసు ప్రభుత్వం భారతి రచనలపై హక్కులను స్వీకరించింది; 1955లో అవి ప్రజలపరమైనాయి. ఒక కవి రచనలను రాజ్యం స్వీకరించి జనానికి ధారపోయడం ఈ దేశంలో అదే మొదలు. ఆ గొడవ అంతా సాగుతూ ఉండగా, అదే పట్టణంలో, అదే పరిశ్రమ వాకిట, ఒక తెలుగు కవి బ్రతుకుతెరువు కోసం అడుగు పెట్టాడు.

ఆయనకు మొదట దొరికిన పని కవి పని కూడా కాదు. హిందీలో 'నీరా ఔర్ నందా' అనే చిత్రాన్ని తెలుగులోకి దింపదలచినవారికి మాటలూ పాటలూ కావలసివచ్చాయి. 1950లో విడుదలైన ఆ 'ఆహుతి' తెలుగులో మొదటి అనువాదచిత్రం. ఈ పనిలోని క్లేశం చేసినవారికే తెలుసు. తెరమీది మనిషి ఇదివరకే మాట్లాడివేశాడు. వాని పెదవుల కదలిక మారదు. వాడు పెదవులు కలిపినచోట తెలుగులోనూ పకారమో, బకారమో, మకారమో పడాలి. నోరు తెరచినచోట దీర్ఘం రావాలి. వాడు ముగించిన క్షణంలోనే వాక్యం ముగియాలి, అర్థం చెడకూడదు. ఛందస్సుల సర్పపరిష్వంగం వదలించుకున్నాననే పేరు పొందిన కవి, ఏ లక్షణకర్తా విధించని కఠినమైన ఛందస్సుకు కట్టుబడి, పరభాషా నటుల పెదవులకు అక్షరాలు అమర్చాడు. ఒకటి రెండు కాదు, పదుల కొద్దీ చిత్రాలకు. దీనిని పతనంగా భావించి విచారించిన విమర్శకులున్నారు. అన్నం పెట్టే పనిని శ్రద్ధగా చేయడంలో పతనమేమున్నదో వారే చెప్పాలి.

తరువాత నేరుగా తెలుగు చిత్రాలకే పాటలు వ్రాశాడు. 1961లో 'వెలుగునీడలు', 1962లో 'ఆరాధన', 1964లో 'డాక్టర్ చక్రవర్తి', ఈ మూడు పేర్లు చెప్పగానే ఒక తరం తెలుగువారి చెవులలో ఘంటసాల కంఠం పలుకుతుంది. ఆ కంఠం వెనుక బాణీ కట్టినవాడొకడు, దాని వెనుక మాట కూర్చినవాడొకడు ఉన్నారు. జనం గాయకుణ్ణి తలచుకుంటారు. తెరమీద పెదవి కదిపిన నటుణ్ణి ఇంకా ఎక్కువగా తలచుకుంటారు. 

పాట ఎట్లా అమ్ముడయ్యేదో ఒకమారు చూడవలసి ఉన్నది. నిర్మాత కవిని పిలిపిస్తాడు. సంగీతదర్శకుడు హార్మోనియం మీద వరుస వినిపిస్తాడు. కవి కూర్చొని మాటలు పొదుగుతాడు. పల్లవి నచ్చకపోతే తిరగ వ్రాస్తాడు. పాటకింత అని ఒకే మొత్తం చేతిలో పడుతుంది. దానితో అతనికి ఆ పాటతో గల సంబంధం తెగుతుంది. తరువాత నిర్మాత ఆ పాటల ధ్వనిముద్రణ హక్కును గ్రామఫోను కంపెనీకి ఇస్తాడు. కలకత్తా వద్ద దమ్‌దమ్‌లోని కర్మాగారంలో నల్లని పళ్ళెములు తయారై, వింటూ కూర్చున్న కుక్క బొమ్మతో దేశమంతటా అంగళ్ళకు చేరుతాయి. అమ్ముడైన ప్రతి పళ్ళెముపై కంపెనీకి లాభం, నిర్మాతకు భాగం. గాయకునికి ఒప్పందాన్ని బట్టి. కవికి సామాన్యంగా ఏమీ లేదు. పాట ఒక వారం ఆడినా, యాభై ఏండ్లు పాడినా అతని కూలి ఒక్కటే. జాలరిపేట లెక్కలో చెప్పవలెనంటే, తెప్పకూ పాలు ఉన్నది, వలకూ పాలు ఉన్నది, తెడ్డు వేసినవానికి మాత్రం పొద్దుటి కూలి.

దీనిని దొంగతనమనడం సులభం. కాని అది సరియైన మాట కాదు. దొంగతనమైతే పట్టుకొని శిక్షింపవచ్చు. ఇది చట్టం ఎరిగి, చట్టం అనుమతించి జరిగింది. 1957లో పార్లమెంటు చేసిన కాపీరైటు చట్టం 1958 జనవరిలో అమలుకు వచ్చింది. రచనకు మొదటి యజమాని రచయితే అని ఆ చట్టపు పదునేడవ విభాగం ఉదారంగా ప్రారంభిస్తుంది. వెంటనే మినహాయింపులు చెబుతుంది. ప్రతిఫలమిచ్చి ఒకరు చలనచిత్రం తీయిస్తే దానికి యజమాని ఆ తీయించినవాడు. ఒకరి వద్ద కొలువు చేస్తూ వ్రాసినదానికి యజమాని ఆ కొలువు ఇచ్చినవాడు. వేరే ఒప్పందం ఉంటే తప్ప, అని ఒక ముక్తాయింపు. నిర్మాత గుమ్మంలో నిలిచిన కవి వేరే ఒప్పందం అడగగలడా? అడిగితే రేపు మరొక కవికి కబురు పోతుంది. చట్టానికి ఈ సంగతి తెలియదని అనుకోలేము.

ఇతర దేశాలలో ఇట్లా లేదు. 1847లో పారిస్ నగరంలోని ఒక కాఫీ హోటలులో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటకవి మిత్రులతో కూర్చొని పానీయాలు సేవించాడు. అక్కడి వాద్యబృందం వారి పాటలే వాయిస్తున్నది. పానీయాల వెల అడిగితే ఇవ్వనన్నాడు. మా పాటకు మీరు వెల ఇవ్వకపోతే మీ పానీయానికి మేమెందుకు ఇవ్వాలన్నది ఆయన వాదం. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్ళి, కవి పక్షాన తీర్పు వచ్చింది. 1851లో అక్కడి పాటకవులూ, స్వరకర్తలూ కలిసి సంఘం పెట్టుకున్నారు. తమ పాట బహిరంగంగా వినిపించిన ప్రతిచోటా రుసుము వసూలు చేసి పంచుకోవడం దాని పని. ఇంగ్లండులో 1914లో అటువంటిదే వెలసింది. మన దేశంలో 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ అనే పేర ఒక సంస్థ పుట్టింది.

ఈలోగా పాట కొత్త త్రోవలు తొక్కింది. 1957లో వివిధ భారతి మొదలైంది. 1963లో విశాఖపట్టణానికే ఆకాశవాణి కేంద్రం వచ్చింది. కవి విడిచి వెళ్ళిన ఊరికి ఆయన పాట ఆకాశమార్గాన తిరిగివచ్చింది. కాఫీ హోటళ్ళలో రేడియో పెట్టెలు. పెళ్ళిళ్ళకు, పండుగలకు లౌడుస్పీకరులు. జాలరిపేటలో గంగమ్మ పండుగనాడు వేపమండల నడుమ కట్టిన బాకాలోంచి సినిమా పాటలు వినవచ్చాయి. వాటిలో తమ ఊరివాడి పాట ఏదో, పరాయివాడి పాట ఏదో వలలు ఆరవేసుకొనేవారికి తెలిసే దారి లేదు. పళ్ళెము మీద చిత్రం పేరు, గాయకుని పేరు పెద్దవిగా ఉంటాయి. కవి పేరు ఉంటే ఉంటుంది. ఆ జాలరులు కవికి బాకీ పడలేదు. దైవకార్యాలలో, పెండ్లి ఊరేగింపులలో పాట వినిపించడం హక్కుల ఉల్లంఘన కాదని 1994లో చట్టమే సవరణతో స్పష్టం చేసింది. బాకీ పడినవారు వేరు. వారు పాటను అమ్ముకొని బ్రతికినవారు.

1970 శ్రీశ్రీ జీవితంలో మలుపు. షష్టిపూర్తి విశాఖలోనే మహావైభవంగా జరిగింది. ఆయన రచనలను కె. వి. రమణారెడ్డి సంపాదకత్వంలో సంపుటాలుగా వెలువరించారు. ఆ సభలలోనే విశాఖ విద్యార్థుల పేర ఒక కరపత్రం పంచిపెట్టారు. రచయితలు ఎవరి పక్షమో తేల్చుకోవలసిందని దాని సారాంశం. సన్మానం అందుకొంటున్న వృద్ధకవి ఆ ప్రశ్నను తనకే వేసినట్లు గ్రహించాడు. అదే సంవత్సరం జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడి, ఆయన అధ్యక్షుడైనాడు. ఆ తరువాత పౌరహక్కుల సంఘానికీ నాయకత్వం వహించాడు. రైతుకూలీల పక్షాన, కారాగారంలో ఉన్నవారి పక్షాన మాట్లాడడానికి ఊరూరా తిరిగాడు. ఇక్కడ ఒక వైచిత్రి ఉన్నది. శ్రమకు తగిన ఫలం దక్కని మనిషి గురించి తెలుగులో ఆయన కంటె తీవ్రంగా పలికినవారు లేరు. అట్లా పలికినవాడే మద్రాసు స్టూడియోలలో తన పదశ్రమను గంపగుత్తగా అమ్ముకొని, అది ఇతరులకు కాసుల పంట కావడం చూస్తూ ఉన్నాడు. ఆయన కవిత్వంలోని కార్మికుల పట్టికలో సినిమా కవికి స్థానం లేదు. 

1972లో 'శ్రీశ్రీ సాహిత్యం' సంపుటాలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' చిత్రంలోని ప్రబోధగీతానికి జాతీయ బహుమతి వచ్చింది. చిత్రగీత రచనకు ఆ గౌరవం పొందిన తెలుగువారిలో ఆయనే ప్రథముడు. మన్యవీరుని కథ, విశాఖ మన్యంలోనే చింతపల్లి ప్రాంతంలో చిత్రీకరణ, విశాఖ కవి పాట. ఈనాటికీ ఆగస్టు పదిహేనున ఆ పాట వినిపించని తెలుగు పాఠశాల అరుదు. బహుమతి కవిదని రాజ్యం ప్రకటించింది. పాట ఎవరిదన్నది మాత్రం అప్పటికి న్యాయస్థానాల పరిశీలనలో ఉన్నది.

అది ఎట్లా వెళ్ళిందంటే, 1969లో పుట్టిన సంఘం చిత్రగీతాలను బహిరంగంగా వినిపించేవారు చెల్లింపవలసిన రుసుముల పట్టిక ప్రకటించింది. చిత్రనిర్మాతల, ప్రదర్శకుల సంఘాలు అడ్డుతగిలాయి. ఆ పాటలు మావి, మేము డబ్బిచ్చి వ్రాయించుకున్నవి అన్నాయి. 1973లో కాపీరైటు బోర్డు సంఘం పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడు కలకత్తా హైకోర్టు దానిని తారుమారు చేసింది. 1977 మార్చి 14న సుప్రీంకోర్టు హైకోర్టునే సమర్థించింది. సాహిత్యకర్తకూ స్వరకర్తకూ తమ కృతులపై హక్కు ఉంటుందని సూత్రప్రాయంగా అంగీకరించింది. అయితే ప్రతిఫలమిచ్చి చిత్రం కోసం వ్రాయించినపుడు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని నిర్మాతే అని తేల్చింది. ఒక చేత ఇచ్చి రెండవ చేత తీసుకొన్నట్లయింది. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుతో ఏకీభవిస్తూనే, చివర కొన్ని మాటలు వేరుగా జోడించాడు. పాటకు ప్రాణం పోసే గాయకునికి ఈ చట్టంలో ఏ హక్కూ లేకపోవడం గమనించి, పార్లమెంటు ఆలోచింపవలసిందని సూచించాడు. ఆ సహృదయత మెచ్చదగినదే. కవుల చేతికి మాత్రం ఏమీ రాలేదు. శ్రీశ్రీకి అప్పటికి అరువది ఏడేండ్లు నిండవచ్చాయి.

1981లో కె. బాలచందర్ 'ఆకలి రాజ్యం' తీశాడు. అదే కథ తమిళంలో నడచినపుడు నిరుద్యోగి అయిన నాయకుని నోట భారతి కవిత్వం పలికింది. తెలుగులో ఆ స్థానం శ్రీశ్రీది. ఆ ఇద్దరు కవులను ఒకే పాత్ర కలిపిన తీరు యాదృచ్ఛికమే అయినా, భారతి కవిత్వం అప్పటికే జాతి సొత్తు, శ్రీశ్రీ కవిత్వం ఇంకా ఒక బ్రతికున్న మనిషి సొత్తు అన్న భేదం గుర్తుంచుకోదగింది. ఆ సంవత్సరమే లండనులోని తెలుగువారు విదేశాంధ్ర ప్రచురణగా 'మహాప్రస్థానం'ను కవి స్వహస్తాక్షరితో, ఆయన గళం ముద్రించిన క్యాసెట్టుతో సహా వెలువరించారు. పళ్ళెముల మీద పేరు చిన్నదైపోయిన కవికి చేవ్రాలే పుస్తకమై వచ్చింది. 

1983 జూన్ 15న శ్రీశ్రీ మద్రాసులో కన్నుమూశాడు.

ఆ పిమ్మట కథ నెమ్మదిగా నడిచింది. గ్రామఫోను పళ్ళెములు పోయి క్యాసెట్లు, అవి పోయి మరొకటి, మరొకటి వచ్చాయి. ఆనాటి కంపెనీ 2000లో సారెగామా అని పేరు మార్చుకున్నది. పాత పాటల భాండారమే దాని మూలధనం. కృష్ణయ్యర్ సూచించిన గాయకుల హక్కు 1994 సవరణతో చట్టంలో చేరింది. కవులూ స్వరకర్తలూ మరి కొన్నాళ్ళు వేచి ఉన్నారు. రాజ్యసభ సభ్యుడైన ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ పట్టుదలతో వాదించగా, 2012 మే నెలలో పార్లమెంటు ఉభయసభలూ సవరణను ఆమోదించాయి. చిత్రంలో పాట ఎవరికి అమ్మినా, ఆ చిత్రం సినిమాహాలులో ఆడడం మినహా, ఇతర విధాల వినియోగం మీద వచ్చే రాయల్టీలో సమానభాగం పొందే హక్కు కవికీ స్వరకర్తకూ ఉంటుంది. ఆ హక్కును వారసులకో, హక్కుల సంఘానికో తప్ప ఇతరులకు వ్రాసి ఇచ్చినా చెల్లదు. అవసరంలో ఉన్న కవి సంతకం పెట్టివేస్తాడని ఎరిగి, ఆ సంతకానికే విలువ లేకుండా చేసిన చట్టమిది. పాలు అనే న్యాయం చిత్రసీమకు చేరింది. శ్రీశ్రీ పోయి ఇరువది తొమ్మిదేండ్లయింది.

కృతి మీది హక్కు ఎంతకాలం నిలుస్తుందో లెక్కించే పద్ధతి ఒకటున్నది. 1957 చట్టం కర్త మరణానంతరం యాభై ఏండ్లని చెప్పింది. రవీంద్రుని రచనలపై విశ్వభారతి హక్కు 1991తో తీరిపోవలసి ఉండగా, దానిని నిలుపుకోవడానికి మరి పదేండ్లు కలిపి అరువది చేశారు. నిర్మాత సొత్తైన పాటకు సైతం, మాటల మీది హక్కు వరకు, కాలం లెక్కించేది నిర్మాత ఆయువునుబట్టి కాదు, కంపెనీ ఆయువునుబట్టి కాదు, కవి మరణించిన ఏటినుంచే. ఆ లెక్కన శ్రీశ్రీ వ్రాసిన ప్రతి మాటమీదా, అది ఎవరి చేతిలో ఉన్నా సరే, స్వామ్యం 2043 డిసెంబరు 31వ తేదీతో ముగుస్తుంది.